గాలి లేని రోజు

నూట నలభయ్యో మెట్టు దగ్గర పిట్ట ఎప్పటిలాగే ఆగింది. అలసి కాదు. అక్కడ ఆగి పొట్టను అనుమతి అడగడం ఆమెకు అలవాటు. ఇంకో డెబ్భై రెండు మెట్లెక్కితే టవర్ క్రేన్ కేబిన్. తీరా ఎక్కాక పొట్ట మాట మారిస్తే మొత్తం రెండువందల పన్నెండు మెట్లూ దిగాలి. నిమ్మళంగా దిగితే పావుగంట. ప్రాణం మీదికొస్తే ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలకూ ప్రాణానికీ ఉన్న సంబంధం తొమ్మిదేళ్లుగా ఆమెకు తెలుసు.

పొట్ట ఏమీ అనలేదు. ఎక్కింది.

కేబిన్ అంటే ఇద్దరు పట్టని గాజు పెట్టె. చిరిగిన చోట్ల టేపు అంటించిన కుర్చీ, చేతికొకటి చొప్పున రెండు లివర్లు, పాదాల కింద కూడా అద్దమే. ఆ అద్దంలోంచి చూస్తే కింద మనుషులు హెల్మెట్లుగా మాత్రమే కనిపిస్తారు. నలభై ఒకటో ఏట కూడా ఆమె మణికట్టుకు చిన్నపిల్లల గడియారం సరిపోతుంది. ఆ ఒడ్డూ పొడుగూ చూసి పిట్ట అన్నారు. పైకెక్కి కూర్చోవడం చూశాక ఆ పేరే ఖాయమైంది.

వాకీటాకీ గరగరలాడింది.

"కూర్చున్నావా పిట్టా?"

"కూర్చున్నా బాబాయ్."

"గాలెలా ఉంది?"

"గాలి లేదు."

బాబాయి కింద నిలబడి సైగలు చెప్పే మనిషి. చుట్టం కాదు. కానీ ఏడేళ్లుగా ఆమెకు కళ్లూ చెవులూ ఆయనే. ఆమె గొంతు మారి "బాబాయ్, గాలి లేచింది" అంటే చాలు, కొక్కేనికి ఉన్న బరువు దింపించి, మరుగుదొడ్డి దగ్గర ఎవరైనా నిలబడి ఉంటే తరిమేసి, క్రేన్ పుస్తకంలో, పని ఆపిన కారణం గడిలో 'గాలి' అని రాసేవాడు. గాలి ఎక్కువైతే క్రేన్ ఆపాలన్నది రూలు. కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. ఆ పుస్తకం ప్రకారం ఈ సైటు దాదాపు తుపాను ప్రాంతం.

కొత్త ఇంజనీరు కుర్రాడు వచ్చి ఆ పుస్తకం పాత పేజీల నుంచీ చదివాడు. అదీ చిక్కు.

"ఇంత గాలి వీస్తుంటే పక్క మేడ మీద బట్టలు ఒక్కరోజైనా ఎగిరిపోవాలి కదా ఆంటీ?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ భయమేసింది. మర్నాడే క్రేన్ చేయి చివర గాలి వేగం కొలిచే బుల్లి పంకా బిగించాడు. దాని లెక్క నేరుగా అతని ఫోన్‌కే పోతుంది. "వచ్చే నెల పక్క స్థలంలో ఇంకో క్రేన్ లేస్తుంది. గురువారం ఆరు ఏసీ యంత్రాలు పద్దెనిమిదో అంతస్తు పైకి ఎక్కించాలి. నాలుగు గంటల పని. గాలి లేకుండా మీరు ఆపితే, కొత్త క్రేన్‌కి వేరే మనిషిని చూసుకుంటాను. మిమ్మల్ని గేటు దగ్గర రిజిస్టరు రాసే పనిలో కూర్చోబెడతాను."

గేటు దగ్గర మరుగుదొడ్డి పది అడుగుల దూరంలో ఉంది. జబ్బు మనిషికి అంతకంటే సుఖమైన ఉద్యోగం లేదు. కానీ పద్నాలుగేళ్లుగా ఊరిని పై నుంచి చూసిన మనిషి, కూర్చుని లారీల నంబర్లు రాయాలి. ఆ గురువారం ఇవాళే.

మొదటి యంత్రం లేచింది. "పైకి... పైకి... నిదానం... ఎడమకి" అంటున్నాడు బాబాయి. పిట్ట వేళ్లు లివర్ల మీద ఉన్నాయి. మనసు మాత్రం బొడ్డు చుట్టూ కాపలా కాస్తోంది.

పెద్దపేగులో పూత అని తొమ్మిదేళ్ల కింద డాక్టరు చెప్పినప్పుడు ఆమె మొగుడు ఆ మాటను తన క్షౌరశాలకు మోసుకెళ్లాడు. అదీ పొరపాటు. సగం గడ్డం నురగలో ఉన్న ప్రతివాడూ వైద్యుడే అయ్యాడు. ఒకడు పాలు మానమన్నాడు. ఒకడు పాలే తాగమన్నాడు. కారం విషమని, పప్పు విషమని, గోధుమ విషమని, చివరికి ఒక పెద్దమనిషి అద్దంలోంచే "దిగులు మానమను" అని తేల్చాడు. పిట్ట అన్నీ మానింది, దిగులు తప్ప. ఎనిమిది కిలోలు తగ్గింది. జబ్బు తగ్గలేదు.

ఆఖరికి ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే అమ్మాయి దగ్గర కూర్చుంది. "అన్నీ ఒకేసారి మానేస్తే దొంగెవరో ఎట్లా తెలుస్తుందమ్మా? ఒక్కొక్కటే ఆపి చూడండి, ఒక్కొక్కటే మళ్లీ కలపండి. తిన్నదీ, తర్వాత ఒంట్లో ఎట్లా ఉందో, రెండూ రాయండి. మందులు మాత్రం ఆపొద్దు. జబ్బు తిండి వల్ల రాలేదు, తిండితో పోదు. గొడవపెట్టేదాన్ని పక్కన పెడితే బతుకు తేలికవుతుంది, అంతే."

మొగుడు నోటుపుస్తకానికి గీతలు కొట్టాడు. ఆమె తినడం, అతను రాయడం. మూడు నెలలు గడిచేసరికి కారం నిర్దోషిగా విడుదలైంది. పాలు గ్లాసు దాటితే గొడవ, పెరుగైతే రాజీ. పచ్చి ఉల్లిపాయ ఖాయంగా దోషి. అయినా పూర్తిగా కుదుటపడలేదు. ఒక్క ఆదివారాలు మాత్రం ప్రతి వారం శుభ్రంగా ఉండేవి. ఆదివారం వంట మొగుడిది. "చూశావా, చేతి మహిమ" అని అతను వీధంతా చెప్పుకున్నాడు.

ఆసుపత్రి అమ్మాయి పేజీలు తిప్పుతూ అడిగింది. "పొద్దున ఎనిమిది నుంచి నాలుగు దాకా గడులన్నీ ఖాళీ. ఏమీ తినరా?"

"పైన తినను. నీళ్లూ తాగను. దిగాల్సి వస్తుందని."

"మరి నోరు ఎండిపోదూ?"

"పిప్పరమెంట్లు చప్పరిస్తా. చక్కెర లేనివే. అవి తిండి కాదుగా."

"రోజుకెన్ని?"

"ఒక డబ్బా అవుతుంది."

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. చక్కెర బదులు వేసే తీపి పదార్థం కొందరి పేగుల్లో ఎలా చెలరేగుతుందో చెప్పింది. పిట్ట మొగుడి ముఖం చూడలేకపోయింది. ఆదివారం మహిమ అతని చేతిలో లేదు. ఆ రోజు ఆమె కేబిన్‌లో ఉండదు, అంతే. దిగాల్సి వస్తుందన్న భయంతో చప్పరించిందే ఆమెను దింపుతూ వచ్చింది.

ఇంకో చిక్కు, ఆ డబ్బాలు వారం వారం కొక్కేనికి సంచీ తగిలించి పైకి పంపింది బాబాయే. నోరెండుతోందని ఆమె ఒకసారి అన్నందుకు. చెప్పకుండా దాచడానికి వారం ప్రయత్నించి, చివరికి చెప్పేసింది.

"అంటే ఇన్నేళ్లూ నీకు గాలి తోలింది నేనేనన్నమాట," అన్నాడు బాబాయి. మర్నాటి సంచీలో పిప్పరమెంట్లు లేవు. నీళ్ల సీసా ఉంది.

ఇది జరిగి పదకొండు వారాలు. పిట్ట మధ్యలో దిగింది ఒకే ఒక్కసారి, అదీ ఎవరి పెళ్లిలోనో ఉల్లిపాయ ముక్కలకు ఆశపడి. కానీ తొమ్మిదేళ్లు మోసం చేసిన పొట్టను పదకొండు వారాలకే నమ్మేయడానికి ఆమె అంత అమాయకురాలు కాదు.

మూడు యంత్రాలు పైకి చేరాయి. నాలుగోది తొమ్మిదో అంతస్తు ఎదురుగా వేలాడుతుండగా కడుపులో పెద్ద చప్పుడైంది.

పిట్ట చేయి వదిలేసింది. లివర్ దానంతటదే మధ్యలోకి వచ్చి ఆగింది. రెండు టన్నుల బరువు గాల్లో ఉంది. దాన్ని వదిలి దిగడం కుదరదు. ఆరు నిమిషాల లెక్క మొదలైంది.

"ఆగావేం పిట్టా?" బాబాయి గొంతు తగ్గింది. "గాలా?"

ఈ ప్రశ్న సైటులో అందరూ వింటున్నారు. ఇంజనీరు చేతిలో ఫోను ఉంది, అందులో పంకా ఉంది.

ఆమె కళ్లు మూసుకుని చప్పుడు ఎక్కడ పుట్టిందో వెతికింది. కింద కాదు. మెలిపెట్టడం లేదు. పైన, పక్కటెముకల కింద, ఖాళీ బిందెలో గరిటె తిప్పినట్టు. మళ్లీ చప్పుడైంది. నొప్పి లేదు. ఇదేదో తెలిసినదే. ఎప్పుడో, ఒళ్లు ఇంకా తనదిగా ఉన్న రోజుల్లో రోజూ పలకరించి వెళ్లేది.

"కాదు బాబాయ్. ఆకలి."

"ఏంటి?"

"ఆకలేస్తోంది."

వాకీటాకీలో పద్దెనిమిదో అంతస్తు మీద బోల్టులు పట్టుకుని ఎదురుచూస్తున్న ఫిట్టరు గొంతు వినిపించింది. "మాకూ వేస్తోంది అక్కా. అది ఇటు దించితే అందరం తింటాం."

నాలుగోదాన్ని ఎంత మెత్తగా దించిందంటే, కాళ్లు ఆనాయో లేదో తెలియక ఫిట్టరు వంగి చూసుకున్నాడు. పైవాళ్లు బోల్టులు బిగించేలోపు పిట్ట, ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీసింది. మెత్తటి అన్నం, ఉడికిన బంగాళాదుంప, పైన నిర్దోషి కారం. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆమె పైన తిన్నది. పాదాల కింద అద్దంలో ఊరంతా కనిపిస్తుండగా, ఎవరి కంటా పడకుండా, మెతుకు మిగలకుండా తిన్నది. నీళ్లు తాగింది. సీసా సగం.

ఆరోది కూర్చునేసరికి పని మొదలై నాలుగు గంటల పది నిమిషాలు. ఇంజనీరు వాకీటాకీలోకి వచ్చాడు. "ఆంటీ, కొత్త క్రేన్ కేబిన్‌లో కుర్చీ బాగుంటుంది. మీ ఎత్తుకి సరిచేయిస్తాను."

"కుర్చీ సరే బాబూ, సీసా పెట్టుకోవడానికి ఒక గూడు కూడా పెట్టించు," అంది పిట్ట.

తర్వాత బాబాయి గొంతు. "పిట్టా, నా పని అయిపోయింది. బస్సుకి వేళయింది. నువ్వు దిగేసరికి నేనుండనేమో."

వయసు నిండి ఇవాళ్టితో ఆయన ఉద్యోగం పూర్తవుతుందని ఆమెకు తెలుసు. వీడ్కోలు చెప్పుకోవడానికి ఇద్దరికీ చేతకాక పొద్దుటి నుంచీ ఎడమా కుడీ మాట్లాడుకుంటూ వచ్చారు.

"ఉండు బాబాయ్, ఆరు నిమిషాల్లో దిగుతా."

"వద్దు. ఈ ఒక్కరోజన్నా నిదానంగా దిగు."

కింద తెల్ల హెల్మెట్ ఒకటి గేటు వైపు కదలడం పాదాల మధ్యలోంచి చూసింది. గేటు దగ్గర అది ఆగింది. చేయి పైకి లేచి, బరువు దించమనే సైగ చేసింది, నెమ్మదిగా, రెండుసార్లు. అంతే, వెళ్లిపోయింది.

పిట్ట నిదానంగానే దిగింది. నూట నలభయ్యో మెట్టు దగ్గర ఆగడం మరిచిపోయింది.

క్రేన్ కాళ్ల దగ్గర బాబాయి కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద క్రేన్ పుస్తకం ఇవాళ్టి పేజీ దగ్గర తెరిచి ఉంది, ఎగరకుండా పెన్సిలు అడ్డం పెట్టి. కారణం గడిలో పొద్దున్నే ముందుజాగ్రత్తగా రాసిపెట్టిన 'గాలి' మీద ఒక పొడుగాటి కొట్టివేత గీత.