మామ మీద గెలిచిన వాదన

భూపేష్‌కు కడపలో మందుల షాపు ఉంది. మేనమామ శివశంకర్‌ది కమలాపురంలో ఎరువుల అంగడి. భూపేష్‌కు సైకిలు తొక్కడం నేర్పింది ఆ మామే. పోయిన ఎండాకాలం ఆయన బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. కుక్క కరిస్తే సూదులు అక్కర్లేదట, ఆకు పసరు తాగితే చాలట. సూదుల వల్లనే పిచ్చెక్కుతుందట.

భూపేష్‌కు ఒళ్లు మండింది. కుక్కకాటుతో వచ్చే రేబిస్ ఒకసారి బయటపడితే మనిషి దక్కడని, కరిచిన వెంటనే గాయం సబ్బుతో కడిగి సూదులు వేయించుకోవాలని వివరంగా రాశాడు.

"సూదులు అమ్ముకునేవానికి పసరు చేదుగానే ఉంటాదిలే" అని మామ జవాబు పెట్టాడు.

భూపేష్ అక్కడితో ఆగలేదు. "పదో తరగతి తప్పినోళ్లు గూడా డాక్టర్లయితే మేము అంగళ్లు మూసుకోవాల్సిందే మామా" అన్నాడు.

మామ పది తప్పిన సంగతి అందరికీ తెలుసు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. చిన్నపిల్లలు కూడా పెట్టారు. మామ మళ్లీ గ్రూపులో ఏమీ రాయలేదు. గెలిచాననుకున్నాడు భూపేష్.

వానలు మొదలయ్యాక కృష్ణవేణమ్మత్త ఫోను చేసింది.

"మీ మామ నీళ్లు మింగలేకుండాడు నాయనా. చెంబు చూస్తేనే వణుకుతాండాడు."

"కుక్కేమన్నా కరిచిందా అత్తా?"

అవతల ఆమె ఏడుపు మొదలుపెట్టింది.

కడప ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టుల దాకా పోలేదు. చూస్తూనే తల అడ్డంగా ఊపి, మామను వేరే గదిలో పెట్టించాడు. భూపేష్ లోపలికి పోయేసరికి మామ నోటి వెంట చొంగ కారుతోంది. మనిషిని గుర్తుపట్టాడు. మాట కూడగట్టుకుని, "గ్రూపులో మాత్రం పెట్టొద్దురా" అన్నాడు.

మరుసటి రోజు ప్రాణం పోయింది.

దినాల నాడు అత్త అతన్ని పక్కకు పిలిచింది. "కరిసిన పొద్దే ఆసుపత్రికి పోదామన్యా. చొక్కా గూడా ఏసుకున్యాడు. గడప దాకా వచ్చి, 'వానికి తెలిస్తే మళ్లా అందరి ముందరా ఆడుకుంటాడు' అని ఎనక్కి తిరిగినాడు. నువ్వు చెప్పింది అబద్ధమని నేననను. ఇంటికొచ్చి చెప్పింటే ఇనేవాడప్పా. నువ్వంటే శానా ఇది ఆయప్పకు."

భూపేష్ ఏదో అనబోయాడు.

అప్పుడే పక్క వీధి నాగలత వచ్చింది. వరసకు చెల్లెలవుతుంది. "అన్నా, ఆ కుక్కే నన్ను గూడా కరిసింది. మా ఇంట్లో పసరే తాగమన్యారు. నువ్వు రాసింది సదివింటి కాబట్టి సూదులేయించుకున్యా" అంది. "ఆ దినం నేను గూడా నవ్వే బొమ్మ పెట్టినా" అని తల దించుకుంది.

అత్త ఆ మాటలు విని లేచి లోపలికి పోయింది.

నెల తిరక్కముందే పెదనాన్న వెంకటేశ్వర్లు గ్రూపులో ఇంకో వీడియో పెట్టాడు. షుగరు మాత్రలు మానేసి కషాయం తాగమని. ఆయనకే పదేళ్లుగా షుగరు. భూపేష్ మాత్రలు మానడం ఎందుకు ప్రమాదమో నాలుగు మాటల్లో రాశాడు. ఎగతాళి ఏమీ చేయలేదు. తర్వాత అంగడి మూసి బండెక్కి ఆయన ఊరికి పోయాడు.

పెదనాన్న వాకిట్లోనే అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమప్పా, నన్ను గూడా నవ్వులపాలు చేసేకి వచ్చినావా?"

"లేదు పెదనాయనా. కూర్చుని మాట్లాడదామని."

"మీ మామకు చెప్పినావు కదా, చాల్లే" అని ఆయన తలుపు వేసుకున్నాడు.