సందు లేని సున్నా

పూసల డబ్బా మూత గట్టిగా నొక్కి, రబ్బరు బ్యాండు చుట్టి, రాంబాబు దాన్ని సంచి అడుక్కి దోపాడు. కిందటి వారం వాగు దగ్గర మోపెడ్ ఎగిరిపడి పూసలన్నీ ఇసకపాలైతే, వంగి ఒక్కొక్కటీ ఏరుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. డబ్బా పైన రంగు చెక్కముక్కలు, వాటి పైన ఆకారాల అట్టలు. గుండ్రం, కత్తెరగుర్తు, చతురస్రం, ముక్కోణం. పిల్లల చేతుల జిడ్డుకి అంచులు నల్లబడ్డాయి. ఆఫీసు ఇచ్చిన అట్టలు ఎప్పుడో చిరిగిపోతే, ఇవి అతను సొంతంగా గీసుకున్నవి.

పినపాకలో కిరాయి గదికి తాళం వేసేటప్పుడు ఎడమచెయ్యి తిమ్మిరిగా ఉంది. దమ్మపేటలో ఉన్న భార్య నాగలతకి ఫోను చేసి చెప్పాడు.

"గ్యాసు. రాత్రిపూట బజ్జీలు తినొద్దంటే మీరు వింటేగా!" అని ఆవిడ నాలుగు అక్షింతలు వేసి, శనివారం వచ్చేటప్పుడు కుట్టుమిషనుకి నూనె తెమ్మంది. సరేనన్నాడు. సరేననడం అతనికి బాగా వచ్చిన విద్య.

రాంబాబు పని చెబితే చాలామందికి అర్థం కాదు. అడవి పక్క బళ్లకి వెళ్లి, చదువులో వెనకబడ్డ పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కన్ను చూసినదాన్ని చెయ్యి గీయగలుగుతోందా లేదా అని చూస్తాడు. అట్ట చూపించి "ఇట్లాంటిదే గియ్యి" అంటాడు. పూసలు గుచ్చమంటాడు. చెక్కముక్కలు పేర్చమంటాడు. పిల్లలు అతన్ని బొమ్మల సారు అంటారు. కాంట్రాక్టు ఉద్యోగం. అంతకుముందు సైన్‌బోర్డులు రాసేవాడు. సత్తుపల్లి రోడ్డు మీద కిరాణా కొట్ల పేర్లన్నీ ఒకప్పుడు అతని కుంచెవే. ఫ్లెక్సీలొచ్చి ఆ కూడు పోయాక, ఏదో కోర్సు చదివి ఇందులో పడ్డాడు. చేతి పనితనం మాత్రం పోలేదు. కంపాసు లేకుండా గుండ్రం గీస్తే మొదలెక్కడో చివరెక్కడో ఎవడూ పట్టలేడు. అతని జీవితంలో గొప్ప చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే.

వాగు దాటేటప్పుడు మోపెడ్‌ని నెట్టాల్సొచ్చింది. మంచు విడని పొద్దున, చొక్కా మొత్తం చెమటతో తడిసింది. ఒడ్డున బండమీద కాసేపు కూలబడ్డాడు. ఇవాళ మానేసి వెనక్కి పోదామా అనిపించింది. కానీ చివరి గూడెంలో పుష్పలతకి ఇదే ఆఖరి పరీక్ష. ముందు రెండుసార్లూ ఆ పిల్ల గుండ్రాన్ని మూయలేదు, చతురస్రాన్ని మూయలేదు. మూయకపోతే సున్నా మార్కు. ఇవాళా అంతే అయితే, పిల్లని పట్నంలో ప్రత్యేక హాస్టలుకి పంపాలి. తల్లి లేదు, తండ్రి పత్తా లేడు. ఉన్నది అవ్వ ఒక్కతే. రాంబాబు లేచి, మోపెడ్ కిక్కు కొట్టాడు.

గూడెంలో అలికిడి లేదు. కుక్క మొరగలేదు, కోడి కూయలేదు. ప్రతి గుమ్మం ముందూ పిండితో గీసిన తెల్లటి గుండ్రం, ప్రతి గుండ్రానికీ ఒకచోట జానెడు సందు. ఇదివరకూ చూశాడు గానీ ఆ సందులన్నీ బాటవైపే, తనవైపే ఉన్నట్టు ఇవాళే తోచింది. బడిముందు పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. ఇద్దరు మాత్రం చేతులు కలపలేదు. పిల్లలు తిరిగి తిరిగి ఆగేసరికి, ఆ ఎడం సరిగ్గా అతనికి ఎదురుగా వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"ఏంది సారు, మొకం గట్ల పీక్కపోయింది? చాయ్ తాగుతరా?" అంటూ భీమ్లా బయటికొచ్చాడు. ఆ బడికి ఉన్న ఒకే ఒక్క పంతులు.

"వద్దు భీమ్లా. ముందు పిల్లని పిలువు."

"పిలుస్త గానీ, గా పిల్ల మూయదు సారు. మొదట్ల అందరు గంతే ఉండిరి. పది రాయమంటే ఒకటి పక్కన కొడవలి లెక్క ఒంపు రాసెటోళ్లు. తిట్టంగ తిట్టంగ సున్నాలు మూసుడు నేర్చిన్రు. గీ పిల్లనే మొండికేసింది."

పుష్పలత వచ్చి వరండాలో కూర్చుంది. ఏడేళ్ల పిల్ల, నూనె లేని జుట్టు, రెప్ప వేయని కళ్లు. పూసలు చకచకా గుచ్చింది. చెక్కముక్కల గోడ కట్టింది. గుండ్రం అట్ట చూపిస్తే పెన్సిలు తీసుకుని చుట్టూ తిప్పి, చివరికొచ్చేసరికి ఆపేసింది. గింజ దూరేంత సందు. చతురస్రానికీ అంతే, ముక్కోణానికీ అంతే. చెయ్యి వణకలేదు. కావాలనే ఆపుతోందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. అయితే కావాలని ఆపే పిల్లలకి వేరే మార్కు లేదు.

"కొంచెం ముందుకి లాగమ్మా. ఇంత ఉంది, అంతే."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"అది గియ్యదు సారు." మెట్ల దగ్గర్నుంచి మాట వినిపించింది. పుల్లమ్మ, పుష్పలత అవ్వ. ఎండిన విప్పగింజల గంప దింపి, కొంగుతో మొహం తుడుచుకుంది. "బతికున్నోళ్ల గీత మేం మూయం. ఊపిరి పోవాలె, రావాలె గద. పానం పోయినంకనే శవం తల చుట్టు గీసి మూస్తం, మల్ల ఎనక్కి రాకుండ. దాని తల్లిని పండబెట్టి గీత మూసిననాడు ఇది పక్కన్నే ఉండె. గప్పటిసంది ఏదీ మూస్తలేదు. కాగితం మీద గూడ."

రాంబాబు ఆ సందులున్న కాగితాన్ని మళ్లీ చూశాడు. పిల్లకి బుద్ధి తక్కువా, కన్ను తక్కువా? దుఃఖం, అంతే. దాన్ని రాయడానికి ఫోనులోని ఫారంలో గడి లేదు. మూసిన ఆకారం ఒక్కటైనా ఫొటో తీసి పెడితేనే పిల్ల ఊళ్లో ఉంటుంది.

"సారు, నీ కాల్మొక్త. దాన్ని పంపియ్యకు. అది పోతే నా గుడిసెల దీపం పెట్టెటోళ్లు లేరు." పుల్లమ్మ మాట పూర్తికాకుండానే ఏడ్చేసింది.

"లే అవ్వా, లే. ఇంకొక్కటి ఉంది." రాంబాబు సంచిలోంచి సుద్దముక్క తీశాడు. "పుష్పా, నేల మీద మనుషుల్ని గియ్యి. నీకిష్టమైనవాళ్లని."

పిల్ల వంగి అవ్వని గీసింది. అవ్వ తలకి సందు ఉంది. భీమ్లాని గీసింది. సందు ఉంది. తర్వాత తలెత్తి రాంబాబుని చూసింది, చాలాసేపు. అతని కణతల మీద చెమట ధారకట్టి కారుతోంది. పిల్ల మళ్లీ వంగి, పెద్ద తల గీసింది. సుద్ద చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికొచ్చి, ఆగకుండా కలిసిపోయింది.

"అబ్బో, మూసింది!" భీమ్లా చప్పట్లు కొట్టాడు. ఎవరూ అందుకోలేదు.

"మరి నాకెందుకు దారి వదల్లేదు తల్లీ?" రాంబాబు నవ్వుతూ అడిగాడు.

"నీకు లేదు సారు. అమ్మకు గూడ గట్లనే చెమట కారింది."

"కళ్లేవి? కళ్లు పెట్టలేదే?"

అంతలోకే పుల్లమ్మ ఒక్క ఉరుకున వచ్చి, బొటనవేలు నోట్లో తడుపుకుని, ఆ గుండ్రాన్ని ఒకచోట గట్టిగా రుద్దింది. సుద్ద చెరిగి సందు పడింది.

"ఏంది అవ్వా గిది! గదే గద మనకు కావలసింది! ఇప్పుడు ఫొటో ఎట్ల?" భీమ్లా గొంతు పెంచాడు.

"మా పిల్ల కోసం సారు పానం తీస్తనా? పోతే పోనీ. హాస్టలుకే పోనీ." ముసలామె తడి వేలు కొంగుకి తుడుచుకుంది.

రాంబాబు ఆమె వంక చూశాడు. ఇన్నేళ్లలో తన కోసం ఇంతగా కంగారుపడినవాళ్లు ఎవరున్నారు? నాగలత ఉంది, నిజమే. బయటివాళ్లలో ఇదే మొదలు. పుష్పలతని మళ్లీ గీయమన్నాడు. పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది.

రెండు మోకాళ్లమీదా వంగి, సుద్దముక్క తనే తీసుకున్నాడు. పిల్ల అయితే మూసింది కదా, తన కళ్లతో చూశాడు. చెరిగినదాన్ని సరిచేస్తే అబద్ధమెట్లా అవుతుంది? అయినా క్షణంపాటు చెయ్యి ఆగింది. చాదస్తం కాకపోతే, సుద్దగీతకి మనిషి పోతాడా?

"వద్దు సారు," అంది పుల్లమ్మ.

"ఏం కాదులే అవ్వా. పిల్ల నీ దగ్గరే ఉంటుంది."

గీత కలిపాడు. అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఫొటో తీసి, ఫోనులో 'ఇబ్బంది లేదు, ఊళ్లోనే చదవవచ్చు' అని నొక్కాడు. చెమట కళ్లద్దాల మీద పడితే తీసి నేలమీద పెట్టి, రెండు చేతులతో పూసలు డబ్బాలోకి ఎత్తాడు. మూత నొక్కాడు. రబ్బరు బ్యాండు చుట్టడం మర్చిపోయాడు.

"ఈడ మాటలే వస్తయ్ సారు, నెట్టు గుట్టమీదనే. ఆడనే పోతది ఫొటో," అన్నాడు భీమ్లా.

"తెలుసులే."

మోపెడ్ చప్పుడు చెట్లలో కలిసిపోయేదాకా పుష్పలత వరండా అంచున నిలబడింది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు భీమ్లా ఫోనుకి గుట్టమీది నుంచి ఎవరో చేశారు. బస్సు ఆపి చూశారట. మోపెడ్ స్టాండు వేసే ఉందట. మైలురాయికి ఆనుకుని కూర్చున్న మనిషి నిద్రపోతున్నాడనుకున్నారట. ఒళ్లో ఫోను, తెరమీద 'పంపబడింది' అని పచ్చటి గుర్తు. చుట్టూ రంగురంగుల పూసలు.

భీమ్లా పళ్లెం పక్కకి నెట్టాడు. తర్వాత పిల్లల్ని ఇళ్లకి పంపేశాడు. పుల్లమ్మ బిందెతో నీళ్లు తెచ్చింది, వరండా కడగడానికి. సుద్దబొమ్మ దగ్గరికొచ్చి ఆగిపోయింది. మూసిన గీతని కడగకూడదు. పుష్పలత ఆమె కొంగు పట్టుకుంది. అవ్వ మనవరాలి తలమీద చెయ్యి వేసి, దగ్గరికి లాక్కుని, బిందె ఎత్తుకుని, నీళ్లు ఒలకకుండా వెనక్కి నడిచింది.

వరండాలో సుద్దతో గీసిన తల మిగిలింది. అందులో, సరిగ్గా కళ్లుండాల్సిన చోట, రాంబాబు మరిచిపోయిన కళ్లద్దాలు ఆకాశంవైపు తెరుచుకుని ఉన్నాయి.