పారబోసే పసుపునీళ్లు

పది గంటలకు టీ కొట్టావిడ వస్తుందని ఏడింటి నుంచే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కుసుమ పూరేకుల టీ రుచి నచ్చితే ఈ ఏటి పువ్వంతా ఆవిడే కొంటుంది. మా మేనత్త అద్దకం కొట్టు గట్టెక్కుతుంది. కానీ పువ్వంతా అమ్మేస్తే ఎర్రరంగు దేన్నుంచి తీస్తాం? నలభై ఏళ్లుగా చేస్తున్న పని. అత్తయ్య మాత్రం సరేనని ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూస్తేనే నాకు ఒళ్లు మండింది.

ముందుగా ఓ కప్పు నేనే చేసి చూద్దామనుకున్నాను. పళ్లెంలో రేకులు తడిగా ఉన్నాయేమిటా అనిపించినా, హడావిడిలో పట్టించుకోలేదు. వేడినీళ్లు పోశాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. తాగితే తడిసిన గడ్డి.

"అత్తయ్యా, వీటినేం చేశావు?"

"పొద్దున్నే కడిగాను. నోట్లో పెట్టుకునేది కదా, పసుపంతా పోయేదాకా పిండాను."

అద్దకంలో మొదటి పని అదే. రేకుల్ని చన్నీళ్లలో పిండి పసుపు వదలగొడితే గాని బట్టకు మంచి ఎరుపు రాదు. టీకి కావలసింది ఆ పసుపే. కోసిన రేకులు ఇవే, మిగతా పువ్వు ముళ్లతో ఇంకా చేలోనే ఉంది.

"టీ అంటే ఆ పసుపే అత్తయ్యా. ఆ నీళ్లేవి?"

"పెరట్లో బిందెలో ఉన్నాయి. మంచినీళ్లేలే. మొక్కలకు పోద్దామని..."

పూర్తిగా వినకుండానే పరిగెత్తాను. బిందె నిండా పసుపు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వడగట్టి, వేడిచేసి, టీ కొట్టావిడకు అందించాను. ఆవిడ కళ్లు మూసుకుని గుక్కెడు తాగింది. "తేనె వాసన వస్తోంది. మా నానమ్మ ఒళ్లునొప్పులకని తాగేది. కడుపుతో ఉన్నవాళ్లను మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు."

అత్తయ్య కూడా ఓ గుక్క తాగి పకపకా నవ్వింది. "ఇన్నేళ్లూ దీన్నా నేను కాలవలో పోసింది."

"మీ పువ్వంతా నాకు కావాలి," అంది టీ కొట్టావిడ.

నేను అత్తయ్య ముఖం చూడలేకపోయాను. ఆమె పళ్లెంలో మిగిలిన రేకుల్ని వేళ్లతో విడదీస్తోంది. పసుపు పోయాక అవి ముందుకన్నా ఎర్రగా ఉన్నాయి.

"పువ్వంతా తీసుకోండి. వేడినీళ్లు మాత్రం పొయ్యకండి, ఎరుపు చచ్చిపోతుంది. మేం చేసినట్టే చన్నీళ్లలో పిండి, ఆ నీళ్లు కాచుకోండి. పిప్పి ఆరబెట్టి నాకు పంపండి."

"పిప్పితో మీకేం పనండీ?"

"నా పనంతా దాంతోనే."

నాకు కన్నీళ్లు ఆగలేదు. అత్తయ్య అప్పటికే రంగు తొట్టి కడగడానికి లేచింది.