ఆగ్నేయం ప్లగ్గులో నా సంసారం

నన్ను చూసి ఏదో తీగముక్క అనుకునేరు! నేను ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సును. సెల్‌ఫోనుకో, టేబుల్ లైటుకో కాసేపు సాయం చేయమని పుట్టించారు నన్ను. నా ఒంట్లో ఉన్నది సన్నటి రాగి. ఆ సంగతి నా వీపు మీద అచ్చేసే ఉంది. కానీ మనుషులు శుభలేఖలో భోజనాల వేళ తప్ప ఇంకేమీ చదవరు కదా!

సామర్లకోటలో పేర్రాజు ఇంట్లో పడ్డాను. ఆయన కొత్తింటికి వాస్తు చూసిన సిద్ధాంతిగారు, "అగ్ని ఆగ్నేయంలోనే ఉండాలండీ. కరెంటూ అగ్నే కదండీ" అన్నారు. అంతే! ఆగ్నేయమూల ప్లగ్గొక్కటీ వదిలేసి, మిగతా గోడ ప్లగ్గులన్నిటికీ పేర్రాజు టేపు అంటించేశాడు. ఇక సంసారమంతా నా నెత్తి మీదే. ఫ్రిజ్జు నాకే, గ్రైండరు నాకే. చోటు చాలక నాకు ఇంకో బాక్సు, దానికి మరొకటి తగిలించారు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అందులో లావుపాటి తీగ చుట్టించాడు మహానుభావుడు.

"అన్నీ దానికే తగిలిస్తే ఎలాగండీ?" అని భార్య మాణిక్యం గొణిగింది.

"శాస్త్రం నీకేం తెలుసే!" అని కసిరాడు.

కాళ్ళకడ్డం పడుతున్నానని నా పొడుగాటి తీగను చుట్టలు చుట్టి, హాల్లో జంపఖానా కిందికి తోశారు. దాని మీద పడుకునేది పేర్రాజు తల్లి వెంకాయమ్మగారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. చుట్ట చుట్టుకుని, పైన దుప్పటంత గుడ్డ కప్పుకుని, అంత బరువు మోస్తుంటే వేడెక్కనా మరి? నాకు వచ్చిన భాష అదొక్కటే. "బాబోయ్, చచ్చిపోతున్నాను, ఒకటైనా పీకండి" అని కాలాను. ఆవిడేమో సరిగ్గా నా మీద మోకాలు ఆనించి, "అబ్బ! ప్రాణం లేచొచ్చిందర్రా. ఈ జంపఖానాలో ఏదో మహిమ ఉంది" అంది.

ఇంకా గట్టిగా అరిచాను, అంటే ఇంకా కాలాను. ఆవిడ రెండో మోకాలు కూడా పెట్టింది. వీధిలో ఆడవాళ్ళొచ్చి జంపఖానాకి దణ్ణం పెట్టుకున్నారు. ఒకావిడ పసుపు చల్లి, తన నడుముకీ ఒక పూట ఇమ్మంది. నవ్వొచ్చేదే గానీ, నాకు ఒకటే దిగులు. నన్ను తడిమి "మా తల్లే" అని మురిసిపోయే ఆ పెద్దావిణ్ణి ఏదో ఒక రోజు నేనే నిలువునా కాల్చేస్తానేమోనని.

ఎండలు ముదిరాక కూలరు కూడా నా పాలబడింది. ఒక ఆదివారం పేర్రాజు చెల్లెలూ బావగారూ దిగారు. ఫ్రిజ్జు, కూలరు, గ్రైండరు తిరుగుతుండగా బావగారి చొక్కాకని ఇస్త్రీపెట్టె తగిలించారు. ఇక నా వల్ల కాలేదు. ఆగ్నేయంలో నా ప్లగ్గు భగ్గుమంది. హాల్లో వెంకాయమ్మగారి కింద జంపఖానా పొగ చిమ్మింది.

"అత్తయ్యా!" అంటూ మాణిక్యం ముందు మెయిన్ స్విచ్ కట్టేసింది. పెద్దావిణ్ణి రెక్క పట్టి ఇవతలికి లాగి, అప్పుడు కుమ్మరించింది బిందెడు నీళ్ళు.

వెంకాయమ్మగారి మోకాలు బొబ్బలెక్కింది. పేర్రాజు సిద్ధాంతిగారికి ఫోన్ చేశాడు.

"మంట ఎక్కడ లేచిందండీ?" అని అడిగారాయన.

"ఆగ్నేయంలోనండీ, ప్లగ్గు దగ్గర."

"చూశారా మరి! అగ్ని ఆగ్నేయంలోనే పుట్టింది. శాస్త్రం తప్పలేదు. శుభం!"

పేర్రాజు తల్లి మోకాలి వంక చూశాడు.

"కాలింది మా అమ్మండీ" అని ఫోన్ పెట్టేశాడు.

గోడలకున్న టేపులన్నీ ఆ పూటే గోళ్ళతో పీకేశాడు. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్యూజు మార్చి, ఫ్రిజ్జునీ కూలరునీ దేని గోడ ప్లగ్గుకి దాన్ని తగిలించాడు. నన్ను పాతసామాన్ల బండిలోకి విసిరారు.

బండి కదిలేలోగా వెంకాయమ్మగారు కుంటుకుంటూ వాకిట్లోకొచ్చారు. మాడిపోయిన నా ఒంటిని నిమిరి, కళ్ళనీళ్ళు పెట్టుకుని కోప్పడ్డారు.

"అంత కాలిపోతుంటే ఒక్కమాట చెప్పొద్దుటే, పిచ్చిదానా!"