పాతరలో ఆరని దీపం

మా అత్త కృష్ణవేణమ్మకు రెండింటి మీద గట్టి నమ్మకం. పాతరలోకి దింపే దీపం మీద ఒకటి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతుల మీద ఇంకొకటి. ఆ రెండూ కలిసి ఒకరోజు మా ఇంటాయన్ని మింగబోయాయి. ఆయన పేరు ఓబులేసు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు క్షీణం అంటారు. ఆ రోజు చూశాక నాకు ఆ భయం పోయింది.

పాతరంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. జొన్నలు దాచుకునే గుంత అది. మా పత్తికొండ వైపు రైతిళ్ళలో గడప లోపలి వాకిట్లోనే ఉంటుంది. నోరు చిన్నది, కడుపు పెద్దది, చుట్టూ నాపరాళ్ళు. మూసి ఉంచిన పాతరలో గాలి చెడిపోతుంది. మా మామగారి తండ్రి తొందరపడి దిగి మళ్ళీ పైకి రాలేదు. అప్పటినుంచి మా ఇంట్లో దీపం దింపి చూడకుండా ఎవరూ కాలు పెట్టరు. దీపం ఆరిపోతే చెడుగాలి, వెలుగుతుంటే మంచిగాలి. ఇది మా ఇంటి వేదం.

కర్నూలు రాజధాని అయిన యేడాది, తిరునాళ్ళ తర్వాత మా ఊళ్ళో వాంతిభేది తగిలింది. బావుల్లో మందు వేయడానికి హెల్తు ఇన్‌స్పెక్టరు దావీదురాజు వచ్చాడు. ఊరి బయటి పేటలో పుట్టి, మిషను బడిలో చదువుకొని, పట్నంలో కెమిస్ట్రీ నేర్చుకున్న మనిషి. ఎంత చదివితేనేం, మా గడప తొక్కడు. తొక్కనివ్వరని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. బ్లీచింగ్ పౌడరు పీపా ఒకటి మా కొట్టంలో పెట్టించి, వీధిలో నిలబడే అత్తకు కేక వేసి చెప్పాడట.

"పెద్దమ్మా, ఇది సున్నం మాదిరి ఉంటాది గానీ సున్నం కాదు. పులుపు తగలనీయొద్దు."

అత్త పంచలో కూర్చొని, మొహం అటు తిప్పుకొని వింది. గడప అవతలి మాట సగమే ఇంట్లోకి వస్తుంది. ఆమె చెవిన పడింది సున్నం ఒక్కటే. నేను అప్పుడు చేనులో ఉన్నాను.

వాంతిభేది సద్దుమణిగేసరికి జొన్నలు కళ్ళంలో రాసి పడ్డాయి. పాతరకు సున్నం పూస్తే గానీ గింజ పోయకూడదు, పురుగు పడుతుంది. ఇంట్లో సున్నం నిండుకుంది. అత్త కొట్టంలోకి వెళ్ళి పీపాలోంచి గంపెడు పొడి తెచ్చింది. "ఘాటుగా ఉండాది, మంచి సున్నం," అంది. ఆమె పుట్టింటి పద్ధతిలో సున్నాన్ని నీళ్ళతో కలపరు. బాగా పులిసిన గంజిలో చింతపండు పిసికి, దానితో కలుపుతారు. గోడను గట్టిగా పట్టుకుంటుందని నమ్మకం.

మా ఆయన ముందు దీపం దింపాడు. వెలుగుతూనే ఉంది. నిచ్చెన వేసుకొని దిగాడు. మా జీతగాడు కంబన్న తాడు కట్టి పొడి గంప ఒకసారి, పుల్లగంజి కడవ ఒకసారి కిందికి వదిలాడు. కడవ వంచిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే దగ్గు. అట్లాంటి దగ్గు నేను ఎప్పుడూ వినలేదు. "కంబ..." అని ఒక్క పిలుపు, కడవ పగిలిన చప్పుడు, అంతే.

వంగి చూశాం. గోడకు ఒరిగి పడి ఉన్నాడు. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. దీపం కాస్త పొగ కక్కుతోంది గానీ ఆరలేదు.

"దీపం ఎలుగుతాండాది కదా, గాలి బాగానే ఉండాది. ఏ పామో పురుగో ముట్టిందేమో," అని కంబన్న తలగుడ్డ బిగించి దిగాడు. నిచ్చెన సగంలోనే గొంతు పట్టుకొని, గుడ్డివాడిలా తడుముకుంటూ పైకొచ్చి పడ్డాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"దీపం ఆరలేదే, ఆరలేదే," అంటోంది అత్త. ఆమెకు కొడుకు పడిపోవడం కంటే దీపం మోసం చేయడమే అర్థం కావడం లేదు.

అప్పుడు వాసన నాకు తగిలింది. బావిలో మందు వేసిన రోజు కడవెత్తితే ముక్కుకు కొట్టిన వాసనే, కానీ నూరు రెట్లు. ఏడవడానికి కూడా తీరిక లేదు. ఆ రోజు కూడా వీధి చివరి చేదబావిలో దావీదురాజు మందు వేస్తున్నాడని తెలుసు. పరుగెత్తాను. ఒగరుస్తూ పొడి, గంజి, పాతర అని మూడు మాటలు చెప్పేసరికి ఆయన నా ముందే పరుగు తీశాడు.

పరుగు తీసిన మనిషి మా వాకిలి దగ్గర టక్కున ఆగిపోయాడు. అలవాటు. కాళ్ళు తమంతట తామే ఆగాయి. అత్త వైపు చూశాడు.

అత్త గడపకు అడ్డంగా నిలబడి ఉంది. "ఎట్ల చెయ్యాల్నో ఆడి నుంచే చెప్పప్పా. కంబన్న దిగుతాడు. అది బువ్వ దాచే చోటు."

కంబన్న నేల మీద పడి దగ్గుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "కొడుకు పోతే ఆ బువ్వ ఎవరికి పెడతావత్తా?" అన్నాను. దావీదురాజు చొక్కా పట్టుకొని లోపలికి లాగాను. అత్త పక్కకు తప్పుకుందో, నేనే నెట్టానో ఇప్పటికీ తెలియదు.

దావీదురాజు ఒక్కసారి వంగి చూశాడు. "దీపం ఉండాది, మంచిదే. ఊపిరికి గాలి ఉండాదని చెప్తాండాది. అంతవరకే దానికి తెలుసు. క్లోరిన్ సంగతి దానికి తెలీదు. ఇంట్లో చౌడు ఉండాదా?"

బట్టలు ఉతకడానికి తెచ్చిన చౌడుమట్టి తొట్టిలో నానుతోంది. ఆయన తువ్వాలు దాంట్లో ముంచి, ముక్కూ నోరూ కలిపి కట్టుకున్నాడు. ఇంకో గుడ్డ ముంచి నడుముకు చుట్టుకున్నాడు. "చౌడునీళ్ళు గోడలెంబడి పోస్తానే ఉండండి, ఆపొద్దు," అని నిచ్చెన దిగాడు.

నేను పోశాను. ఊపిరి బిగబట్టి, మొహం తిప్పుకొని, కడవ మీద కడవ పోశాను. కింద నుంచి మాట లేదు. అత్త నేల మీద కూలబడి, పాతర నోటివైపు చూస్తోంది. దేవుణ్ణి కూడా పిలవడం లేదు. ఇంత ఆలస్యమైతే బతకడని నా మనసు అప్పటికే చెప్పేస్తోంది. అంతలో నిచ్చెన కదిలింది. దావీదురాజు మా ఆయన్ని గోనెబస్తాలా భుజాన వేసుకొని పైకొచ్చాడు. గుడ్డ దావీదురాజు ముక్కుకు లేదు. నడుముకు చుట్టుకున్నది, మొహానికి కట్టుకున్నది, రెండూ మా ఆయన మూతికే కట్టి ఉన్నాయి.

మా ఆయన్ని గాలికి పడుకోబెట్టి, ఊపిరి ఆడుతోందని చూశాక, దావీదురాజు లేచి మళ్ళీ వాకిలి దాటి వీధిలోకి పోయి కూర్చొని దగ్గాడు. నేను చెంబుతో నీళ్ళు తీసుకెళ్తే దోసిలి పట్టాడు. దోసిట్లో చెంబే పెట్టాను. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మా ఉప్పుజాడీలో ఉండేది కూడా ఆ క్లోరినేనంట, నిజమేనా సారూ?" అన్నాను. పీపా తెచ్చిన రోజు కంబన్నతో ఆయన అట్లా చెప్పాడట.

"అదేనమ్మా. జత కుదిరితే ఉప్పు మాదిరి సాధువు. జత విడిపోతే ఆగలేదు, ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాది. మీ ఆయన రొమ్ము దొరికింది. చౌడులో జత చూపించినాం, అంతే."

మా ఆయన బతికాడు. గొంతు మాత్రం పోయింది. గుసగుసే మిగిలింది. పాతరను కడిగి, ఎండగట్టి, అసలు సున్నం పూసి జొన్నలు పోశాం. అత్త మాత్రం వేరే కుండలో కొర్రలు వండుకోవడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "ఆ పాతర జొన్నలు వాసనొస్తాండాయి," అనేది. నేను గుప్పిళ్ళకొద్దీ తీసి వాసన చూశాను. జొన్నల వాసన తప్ప ఏమీ లేదు. అది ఏ వాసనో నాకు తెలుసు. తెలిసీ కోపం దిగమింగుకున్నాను.

ఒకరోజు కొర్రలు అయిపోయాయి. నేను రొట్టె కాల్చి ఆమె ముందు పెట్టాను. పళ్ళెం పక్కకు జరిపింది. "వాసన."

గోడవార కూర్చున్న మా ఆయన ఏదో అన్నాడు. గుసగుస ఆమెదాకా చేరలేదు.

"ఏందిరా?" అంది అత్త.

మళ్ళీ అన్నాడు. వినపడలేదు. ఆ గొంతు దగ్గరికి వస్తే గానీ వినపడదు. అత్త లేచి, వచ్చి, ఆయన పక్కన కూర్చొని చెవి ఒగ్గింది.

"ఆ సారు నన్ను భుజాన ఏసుకొని తెచ్చింది ఆ గుంతలోంచే గదమ్మా. జొన్నలకు ఉండే వాసన నాకూ ఉంటాది. నన్ను యాడ పారేస్తావు?"

అత్త ఈసారి మాట మొత్తం విన్నది. తర్వాత చెయ్యి చాచి పళ్ళెం దగ్గరికి లాక్కొని, రొట్టె తుంచింది.