పాలపంపు షికారు

ఆసుపత్రిలో సామాన్ల గది చూసుకునే ఆయన్ని అందరూ స్టోరు బాబాయి అంటారు. నెల కిందట అక్కడి ప్రతి పరికరానికీ ఒక చిన్న బిళ్ల అంటించారు. పరికరం ఎక్కడుంటే అక్కడ బాబాయి తెరమీద ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. రెండు రోజులు కదలకపోతే ఎర్రబడుతుంది. అప్పుడు దాన్ని తెచ్చి, కావలసిన వార్డుకి పంపాలి.

ఆ ఉదయం పై అంతస్తు నుంచి ఫోను వచ్చింది. కవలల్ని కన్న తల్లికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది, పాలు తీసే పంపు వెంటనే కావాలి. ఉన్నవే మూడు. రెండింటికి తీరిక లేదు. మూడోది నెలలు నిండని పిల్లల విభాగంలో ఉంది, ఆకుపచ్చగానే ఉంది. కానీ అది తిరిగిన దారి చూస్తే బాబాయికి నవ్వొచ్చింది. రోజుకి మూడుసార్లు వరండా చివరి కిటికీ దాకా వెళ్లి, బుద్ధిగా వెనక్కి వస్తోంది.

ఆయన వెళ్లేసరికి పెద్ద సిస్టర్ పంపు బండిని తోసుకొస్తూ ఎదురైంది. తీగ నేలమీద ఈడ్చుకుంటూ వస్తోంది.

"ఏమ్మా, దీనికి కూడా నడక రాశారా డాక్టరుగారు?"

ఆమె నాలుక కరుచుకుంది. "దొరికిపోయానా బాబాయ్! ఎర్రబడితే మీరు పట్టుకుపోతారని..."

"వాడకుండా ఎందుకమ్మా దాచుకోవడం? పైన ఒకావిడ జ్వరంతో మూలుగుతోంది."

సిస్టర్ గొంతు తగ్గించింది. "లోపలున్న పిల్లకి తొలికాన్పు, ఏడో నెలలోనే. ఐదు రోజులైంది, చుక్క పాలు లేవు. మొన్నటినుంచి పంపు ముట్టుకోవడం కూడా మానేసింది. ఇప్పుడు దీన్ని తీసుకెళ్తే, మనం కూడా ఆశ వదిలేసుకున్నామనుకుంటుంది."

బాబాయి బండి చక్రాల వైపు చూశాడు. తన భార్య మంచం పక్కనుంచి ఆక్సిజన్ సిలిండరు తీసుకెళ్లిన రోజు ఆయనకి గుర్తుంది. ఎవరూ నోరు విప్పలేదు. బండి చక్రాల చప్పుడుతోనే అంతా తెలిసిపోయింది.

"ఎవరి గొట్టాలు, సీసాలు వాళ్లవే కదమ్మా? మోటారు ఒక్కటే ఉమ్మడి?"

"అవును."

"అయితే పంపుని ఆ పిల్ల గదిలోనే ఉంచమ్మా. పైనావిణ్ణే కిందికి తెస్తాను."

చక్రాల కుర్చీలో వచ్చిన కవలల తల్లి నొప్పితో పళ్లు బిగబట్టి కూడా మాటలు ఆపలేదు. "గుండెమీద రాళ్లు మోస్తున్నట్టుందండీ బాబాయ్ గారూ! మా ఆయనేమో కాస్త ఓర్చుకో అంటాడు. ఆయనకేం, చెప్తాడు!"

బాబాయి తలుపు దగ్గరగా వేసి బయట బల్లమీద కూర్చున్నాడు. మోటారు చాలాసేపు మోగి ఆగింది. "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది" అన్న మాట వినబడింది. తర్వాత అదే గొంతు, మెల్లగా:

"నీకు పాపా, బాబా?"

"పాప. ఇంకా ఎత్తుకోనివ్వలేదు."

"నీ గొట్టాలు పెట్టుకో మరి. నేను కూర్చుంటా."

"నాకు రావక్కా."

"రాకపోతే మానె. కబుర్లు చెప్పుకుందాం. మా ఆయన ఇద్దర్నీ చూసి, ఒకణ్ణే రెండుసార్లు చూపిస్తున్నారా అని సిస్టర్ని అడిగాడు తెలుసా?"

మోటారు మళ్లీ మొదలైంది. దాని మీదుగా సన్నగా ఒక నవ్వు వినిపించింది. ఆ గదిలోంచి ఆ నవ్వు వినడం సిస్టర్‌కి కూడా అదే మొదటిసారి కాబోలు, చేతిలో పని వదిలేసి లోపలికి పరిగెత్తింది.

కాసేపటికి చిన్న సిరంజి పట్టుకుని బయటికొచ్చింది. అడుగున పసుపుపచ్చగా ఏదో మెరుస్తోంది.

"ఎంతమ్మా?" బాబాయి లేచి నిలబడ్డాడు.

"నాలుగు చుక్కలు. నోటికి రాయడానికి చాలు."

ఆమె వెనకే గోడ పట్టుకుని పాప తల్లి నడిచింది. అద్దాల పెట్టెలో, వేలెడంత పాదాలున్న పసిగుడ్డు పెదవికి సిస్టర్ ఒక చుక్క తాకించింది. నాలుక కొస బయటికొచ్చి, వెతికి, లోపలికి పోయింది.

 తల్లి కళ్లు తుడుచుకుని అడిగింది.

"సిస్టర్, మళ్లీ ఎన్నింటికి పెట్టుకోవాలి?"