ముందే తగిలించిన ట్రైలర్

అది ఇంజన్ లేని గ్లైడర్‌లో నా మొదటి దూరప్రయాణం. సెంటెష్ నుంచి అరవై కిలోమీటర్ల అవతలి బేకేష్‌చాబాకు ఒంటరిగా వెళ్లాలి. నేనింకా ఎక్కనైనా లేదు, నాకు ఎగరడం నేర్పిన గెల్లెర్ట్ మాస్టారు అప్పుడే కారుకు ట్రైలర్ తగిలించేశారు. దిగిన గ్లైడర్‌ను విప్పి వెనక్కి తెచ్చే ట్రైలర్ అది.

"ఏ పొద్దుతిరుగుడు చేలోనో పడతాననేగా?" అన్నాను.

"నోరాపి రెక్కలు సరిచూసుకో అమ్మాయ్," అన్నారు.

దారంతా ఆయన్నే తిట్టుకున్నాను. వెనకాలే పొంచి వస్తున్నారేమోనని కింద రోడ్డుకేసి పదేపదే చూశాను. ఎక్కడా కనిపించలేదు.

బేకేష్‌చాబా మైదానంలో దిగేసరికి గట్టున ట్రైలర్, దాని నీడలో గుర్రుపెడుతూ మాస్టారు.

తట్టి లేపాను. "మరి నేను దారిలో పడుంటే ఎవరు వెతికేవాళ్లు?"

ఆయన కళ్లు నులుముకున్నారు.

"అవును సుమీ, ఆ ఆలోచనే రాలేదు."